వాపు తగ్గింది సరే, ఎందుకు తగ్గింది?

అందరికీ నమస్కారం. చెప్పాల్సింది చాలా ఉంది కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా సూటిగా మొదలుపెడతాను.

"ఫలానా మొక్క సారం ఎలుకల్లో ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించింది." ఈ వాక్యం మీరంతా చదివే ఉంటారు. ఒక పరిశోధన పత్రం చివర పుట్టి, అక్కడి నుంచి వార్తల్లోకి, వార్తల్లోంచి సీసాల లేబుళ్ల మీదికి, ఫోన్లలో తిరిగే మెసేజ్‌లలోకి వెళ్తుంది, ఆ ప్రయాణంలో 'ఎలుకల్లో' అనే మాట ఎక్కడో జారిపోతుంది. ఆ మాట జారిపోవడం గురించి చాలామంది మాట్లాడతారు. నాకు అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి ఉంది. ఎలుకల్లో కూడా అది నిజమేనా అని ఎవరూ అడగరు. ఎలుక కాలు వాపు తగ్గింది, కొలిచారు, అంకె వచ్చింది. ఆ అంకె రావడానికి మందు పనిచేయడం ఒక్కటే కారణమా, లేక ఇంకో అయిదారు దారుల్లో కూడా అదే అంకె వచ్చేదా? ఆ దారులన్నీ మూసేసిన తర్వాత వచ్చిన ఫలితం ఒక్కటి, వంద ఫలితాలకు సమానం. మూయకుండా చేసిన ప్రయోగంలో జంతువు పడ్డ నొప్పికి లెక్కే లేకుండా పోతుంది. ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది అదే.

ఇన్‌ఫ్లమేషన్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పేసి ముందుకు వెళ్దాం. ఎరుపు, వాపు, వేడి, నొప్పి అనే నాలుగు లక్షణాలను రోమన్ రచయిత సెల్సస్ ఒకటో శతాబ్దంలోనే రాసిపెట్టాడు. గాయమైన చోట, క్రిములు చేరిన చోట రక్తనాళాలు వెడల్పవుతాయి, వాటి గోడల్లోంచి ద్రవం బయటికి ఊరుతుంది, తెల్ల రక్తకణాలు చేరతాయి, శుభ్రం చేసి పని అయ్యాక వెళ్లిపోవాలి. వెళ్లకుండా ఉండిపోతే కీళ్లలో అదే రుమటాయిడ్ ఆర్థరైటిస్, పెద్దపేగులో అదే అల్సరేటివ్ కొలైటిస్, ఊపిరితిత్తుల్లో అదే ఆస్తమా. కాబట్టి 'ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే మందు' అనేది ఒకే రకం మందు కాదు, ఏ దశలో, ఏ కణాల మీద, ఏ రసాయనం మీద పనిచేస్తుంది అనేదాన్ని బట్టి మొత్తం కథ మారిపోతుంది.

ఇప్పుడు అసలు పరీక్షలకు వద్దాం. అన్నిటికంటే ఎక్కువగా వాడేది కారాజీనన్ పరీక్ష. కారాజీనన్ అనేది సముద్రంలో పెరిగే ఎర్ర రంగు నాచు నుంచి తీసే ఒక చక్కెర గొలుసు పదార్థం. దాన్ని ఒక శాతం ద్రావణంగా చేసి, 0.1 మిల్లీలీటరు ఎలుక వెనక కాలి పాదం అడుగున ఇంజెక్ట్ చేస్తారు. పాదం వాస్తుంది. మూడు నాలుగు గంటలకు వాపు బాగా పెరుగుతుంది. ప్లెథిస్మోమీటర్ అనే పరికరంలో పాదాన్ని ద్రవంలో ముంచి ఎంత ద్రవం పక్కకు జరిగిందో చూస్తే వాపు ఎంతో తెలుస్తుంది. చవక, తొందరగా అయిపోతుంది, ఒకే రోజులో ఫలితం. దీన్ని 1962లో వింటర్, రిస్లీ, నస్ అనే ముగ్గురు ప్రచురించారు. ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో జాన్ వేన్ చెప్పింది 1971లో, అంటే ఈ పరీక్ష పుట్టేనాటికి ఆ మందులు ఏం చేస్తాయో ఎవరికీ తెలియదు, అయినా వాటిని పట్టుకోగల వల తయారైంది. నిజంగా గొప్ప పని అది.

కానీ వల కన్ను ఎంత ఉంటే ఆ సైజు చేపే పడుతుంది. కారాజీనన్ వాపులో మొదటి గంట హిస్టమిన్, సెరటోనిన్‌లది, తర్వాత కైనిన్లది, దాదాపు రెండున్నర గంటల నుంచి ప్రోస్టాగ్లాండిన్లది, ఇవన్నీ వాపు పుట్టించే శరీర రసాయనాలే. ఇండోమెథాసిన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయి కాబట్టి ఇక్కడ చక్కగా పనిచేస్తాయి. అంటే ఈ పరీక్షలో ఒక సారం మూడో గంట తర్వాత వాపు తగ్గించిందంటే, మహా అయితే 'ప్రోస్టాగ్లాండిన్ల వైపు ఏదో జరిగి ఉండవచ్చు' అనాలి. నెలలు, ఏళ్లు సాగే కీళ్ల జబ్బు మీద ఇది ఏమీ చెప్పదు. అయినా పత్రం చివరి పేరాలో ఆర్థరైటిస్ అనే మాట వచ్చేస్తుంది, అది చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది, దాచుకోను.

ఇంకా లోతైన ఇబ్బంది ఒకటుంది. పాదం వాపు తగ్గడానికి ఇన్‌ఫ్లమేషన్‌తో సంబంధం లేని కారణాలు చాలా ఉన్నాయి. రక్తపోటు పడిపోతే పాదానికి వెళ్లే రక్తం తగ్గుతుంది, రక్తం తగ్గితే ఊరే ద్రవం తగ్గుతుంది, వాపు తగ్గుతుంది. చాలా మొక్కల సారాలకు రక్తపోటు తగ్గించే గుణం ఉంటుంది, ప్రత్యేకించి పెద్ద మోతాదుల్లో. రెండోది, సారాన్ని నోటి ద్వారా కాకుండా పొట్ట కుహరంలోకి ఇంజెక్ట్ చేస్తే, అది అక్కడ చిరాకు పుట్టించే పదార్థమైతే, పొట్టలోనే కొత్తగా ఒక ఇన్‌ఫ్లమేషన్ మొదలవుతుంది, ద్రవం అక్కడ చేరుతుంది, శరీరం తన దగ్గరున్న ఆయుధాలన్నీ అటు మళ్లిస్తుంది, పాదంలో వాపు తగ్గుతుంది. ఒకచోట మంట పెట్టి ఇంకోచోట మంట తగ్గిందని చెప్పడం అన్నమాట. ఇది 1960ల నుంచే తెలిసిన విషయం, అయినా ఇప్పటికీ పొట్టలోకి ఇంజెక్ట్ చేసి కాలు కొలిచిన పత్రాలు వస్తూనే ఉన్నాయి.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది, కాస్త ఓపిగ్గా వినండి. జంతువుకు కష్టం కలిగితే దాని అడ్రినల్ గ్రంథులు కార్టికోస్టెరాన్‌ను విడుదల చేస్తాయి. మనలో కార్టిసాల్ ఎలాగో ఎలుకల్లో అది అలాగ. అది శరీరం సొంతంగా తయారుచేసుకునే స్టెరాయిడ్, ఇన్‌ఫ్లమేషన్‌ను అణిచేస్తుంది. మీరు ఇచ్చిన సారం కొంచెం విషపూరితమైతే, జంతువు నీరసించి, టెన్షన్ పడి, తన సొంత స్టెరాయిడ్‌తోనే వాపు తగ్గించుకుంటుంది. మీ గ్రాఫ్‌లో మాత్రం అది మందు గొప్పదనంలా కనిపిస్తుంది. ఈ స్టెరాయిడ్ ప్రభావం ఎంత బలమైనదో చెప్పడానికి 1989లో ఎస్తర్ స్టెర్న్‌బర్గ్ బృందం చేసిన పని చాలు. లూయిస్ జాతి ఎలుకలకు బ్యాక్టీరియా కణగోడ పదార్థం ఇస్తే తీవ్రమైన ఆర్థరైటిస్ వస్తుంది, ఫిషర్ జాతి ఎలుకలకు దాదాపు రాదు. తేడా ఎక్కడుందంటే ఫిషర్ ఎలుకల్లో స్టెరాయిడ్ స్పందన బలంగా ఉంటుంది, లూయిస్ ఎలుకల్లో మందకొడిగా ఉంటుంది. ఫిషర్ ఎలుకల్లో ఆ స్టెరాయిడ్ పనిచేయకుండా మందుతో అడ్డుకుంటే వాటికీ జబ్బు ముదిరింది. ఒక్క హార్మోన్ వల్ల ఒక జాతి రక్షణలో ఉంది, ఇంకో జాతి లేదు! అలాంటప్పుడు సారం ఇచ్చిన గ్రూపులో కార్టికోస్టెరాన్ ఎంత ఉందో కొలవకుండా, కనీసం శరీర బరువు, థైమస్ గ్రంథి బరువు చూడకుండా ఫలితం ప్రకటించడం సరికాదు. ఒత్తిడిలో థైమస్ కుంచించుకుపోతుంది, తూచడానికి ఒక త్రాసు చాలు. పెద్ద ఖర్చు కూడా కాదు.

దీర్ఘకాలిక జబ్బులకు వేరే మోడళ్లు, అంటే మనిషి జబ్బు లాంటిదాన్ని జంతువులో కావాలని కలిగించే పద్ధతులు ఉన్నాయి. చంపేసిన క్షయ జాతి బ్యాక్టీరియాను మినరల్ ఆయిల్‌లో కలిపి ఇచ్చే అడ్జువెంట్ ఆర్థరైటిస్ ఉంది, ఎలుకల్లో దీన్ని 1956లో పియర్సన్ వర్ణించాడు. టైప్-2 కొలాజెన్ అనే ప్రోటీన్‌తో కలిగించే ఆర్థరైటిస్ ఉంది, అది 1977లో ఎలుకల్లో, తర్వాత 1980లో డీబీఏ/1 జాతి చిట్టెలుకల్లో వచ్చింది. మృదులాస్థిలో ఉండే కొలాజెన్ మీదే రోగనిరోధక వ్యవస్థను ఉసిగొల్పుతారు కాబట్టి మనిషి జబ్బుకు ఇది కొంత దగ్గర. ఒక్కో పాదానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేస్తారు, నాలుగు పాదాలకు కలిపి గరిష్ఠంగా 16.

ఈ మోడళ్లలో నేను మొదట చూసేది తేదీ. మందు ఎప్పుడు మొదలుపెట్టారు? జబ్బు కలిగించకముందే మొదలుపెడితే, లేదా అదే రోజు మొదలుపెడితే, మీరు పరీక్షించింది జబ్బు రాకుండా ఆపడాన్ని. రోగి మీ దగ్గరికి వచ్చేది కీళ్లు వాచాక. రోగనిరోధక స్పందన మొదలయ్యే తొలి వారంలో దాన్ని కాస్త కదిపితే చాలు, జబ్బు సగం తగ్గిపోతుంది, అదే పదార్థం ముదిరిన జబ్బు మీద ఏమీ చేయలేకపోవచ్చు. కాబట్టి పాదాలు వాచి, మార్కులు ఒక స్థాయికి వచ్చాక, అప్పుడు జంతువులను లాటరీ వేసి గ్రూపులుగా విడదీసి, మందు మొదలుపెట్టిన ప్రయోగానికి నేను ఎంతో ఎక్కువ విలువ ఇస్తాను. అలాంటివి తక్కువే ఉంటాయి, ఎందుకంటే అలా చేస్తే చాలా పదార్థాలు ఫెయిల్ అవుతాయి. అవి ఫెయిల్ కావడమే మనకు కావలసిన సమాచారం కదా.

ఇప్పుడు పేగు. అల్సరేటివ్ కొలైటిస్‌కు ఎక్కువగా వాడే మోడల్ డీఎస్‌ఎస్, అంటే డెక్స్‌ట్రాన్ సల్ఫేట్ సోడియం. చిట్టెలుకలు తాగే నీళ్లలో రెండు నుంచి అయిదు శాతం దాకా కలిపి అయిదారు రోజులు లేదా వారం ఇస్తారు. అది పెద్దపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది, లోపలి బ్యాక్టీరియా గోడలోకి చొరబడుతుంది, విరేచనాలు, రక్తం, బరువు తగ్గడం, పేగు పొడవు కుంచించుకోవడం. 1990లో ఒకాయాసు అనే పరిశోధకుడి బృందం చిట్టెలుకల్లో దీన్ని చూపించింది. చేయడం ఎంత సులువంటే నీళ్లలో కలపడమే. ఆ సులువులోనే ప్రమాదముంది.

నీళ్లు. జంతువు ఎన్ని నీళ్లు తాగితే అంత డీఎస్‌ఎస్ లోపలికి వెళ్తుంది. మొక్కల సారాలు చాలావరకు చేదుగానో వగరుగానో ఉంటాయి. సారాన్ని అదే నీళ్లలో కలిపారనుకోండి, చిట్టెలుక తక్కువ తాగుతుంది. తక్కువ తాగితే డీఎస్‌ఎస్ తక్కువ వెళ్తుంది, కొలైటిస్ తక్కువ వస్తుంది, పేగు పొడవు బాగుంటుంది, రక్తం తక్కువ పడుతుంది, ఇన్‌ఫ్లమేషన్‌ను నడిపే సైటోకైన్లనే ప్రోటీన్లు తక్కువ ఉంటాయి. పట్టికలో ప్రతి వరుసా మందు పనిచేసిందనే చెబుతుంది, ఒక్కటీ అబద్ధపు అంకె కాదు, అయినా మొత్తం తప్పు. సారాన్ని గొట్టంతో కడుపులోకి ఇచ్చినా సరే, వికారం వల్లో మత్తు వల్లో నీళ్లు తక్కువ తాగే అవకాశం ఉంది. కాబట్టి ఒక్కో బోనులో రోజూ ఎన్ని మిల్లీలీటర్లు తగ్గాయో రాసుకోవాలి, ఆ పట్టిక పత్రంలో ఉండాలి. డీఎస్‌ఎస్ కొలైటిస్ గురించిన పత్రం తెరిస్తే నేను ముందు వెతికేది ఆ నీళ్ల లెక్క, అది లేకపోతే మిగతాది చదవడానికి మనసు ఒప్పదు.

ఇంకో రెండు సంగతులు చెబుతాను. డీఎస్‌ఎస్ ఆపేస్తే చిట్టెలుకలు వాటంతట అవే కోలుకుంటాయి. ఆపిన తర్వాత మందు మొదలుపెట్టి 'అయిదు రోజుల్లో నయమైంది' అంటే, మందు లేని గ్రూపు కూడా ఆ అయిదు రోజుల్లో ఎంత నయమైందో పక్కనే చూపించాలి. రెండోది, బోను. చిట్టెలుకలు ఒకదాని మలం ఒకటి తింటాయి, అందువల్ల ఒకే బోనులో ఉన్నవాటి పేగు బ్యాక్టీరియా ఒకేలా తయారవుతుంది. డీఎస్‌ఎస్ జబ్బు తీవ్రత ఆ బ్యాక్టీరియా మీద చాలా ఆధారపడుతుంది. మందు గ్రూపంతా ఒక బోనులో, మందు ఇవ్వని కంట్రోల్ గ్రూపంతా ఇంకో బోనులో పెడితే, మీరు పోల్చింది మందును కాదు, రెండు బోన్లను. గ్రూపుకు ఆరు జంతువులని రాసినా నిజానికి అక్కడ ఉన్నది గ్రూపుకు ఒక్కటే. డీఎస్‌ఎస్ అవశేషాలు పేగు నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏలో మిగిలిపోయి, జన్యువుల పనిని కొలిచే పీసీఆర్ పరీక్షను అడ్డుకుంటాయి, అందువల్ల జన్యువుల అంకెలు కూడా తప్పుదారి పట్టించవచ్చు, దాన్ని తొలగించే పద్ధతి వాడామని రాయాలి. అన్నట్టు, టీ, బీ కణాలనే రోగనిరోధక కణాలు లేని చిట్టెలుకల్లో కూడా డీఎస్‌ఎస్ కొలైటిస్ వస్తుంది, కాబట్టి ఆ కణాల మీద పనిచేసే పదార్థాన్ని దీనితో తేల్చడం కుదరదు.

ఇప్పటిదాకా జంతువు వైపు మాట్లాడాను. సీసాలో ఉన్నదాని సంగతేంటి?

మొక్క పేరు రాస్తే సరిపోదు. ఏ భాగం, ఏ కాలంలో కోసింది, నీటితో తీసిన సారమా ఆల్కహాల్‌తో తీసిందా, అందులో గుర్తుపట్టగల రసాయనాలు ఎంత శాతం ఉన్నాయి, ఆ మొక్క నమూనాను హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కల భాండారంలో భద్రపరిచారా, ఇవన్నీ లేకపోతే ఇంకో చోట ఇంకొకరు ఆ ప్రయోగాన్ని మళ్లీ చేయలేరు. మళ్లీ చేయలేని ప్రయోగంలో వాడిన జంతువుల గురించి ఏం చెప్పమంటారు? సారాల్లో ఎండోటాక్సిన్ అనే బ్యాక్టీరియా విషం కలిసి ఉండటం కూడా మామూలే, అది సొంతంగా రోగనిరోధక కణాలను రెచ్చగొడుతుంది, ముందుగా కొంచెం తగిలితే తర్వాతి దెబ్బకు కణాలు మొద్దుబారేలా కూడా చేస్తుంది. అంటే మురికి కూడా మందులా నటించగలదు. కరిగించడానికి వాడే డీఎంఎస్‌ఓకి సొంతంగా ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే గుణం ఉంది, కాబట్టి కంట్రోల్ జంతువులకు కూడా అంతే డీఎంఎస్‌ఓ ఇవ్వాలి, ఉప్పునీళ్లు ఇచ్చి ఊరుకోకూడదు.

కర్కుమిన్ గురించి మాట్లాడకుండా ఈ విషయం పూర్తి కాదు. పసుపులో ఉండే ఈ పసుపుపచ్చ పదార్థం మీద వచ్చినన్ని పత్రాలు మరే సహజ పదార్థం మీదా వచ్చి ఉండవేమో. 2017లో ఔషధ రసాయన శాస్త్రవేత్తలు కొందరు దాని రసాయనాన్ని నిశితంగా పరిశీలించి ఒక సుదీర్ఘమైన వ్యాసం రాశారు. కర్కుమిన్ అస్థిరం, ప్రోటీన్లకు ఎడాపెడా అతుక్కుంటుంది, లోహాలను పట్టుకుంటుంది, తానే వెలుగుతుంది కాబట్టి వెలుగును కొలిచే పరీక్షలను గందరగోళపరుస్తుంది. అందువల్ల గాజు పళ్లెంలో అది 'పనిచేసినట్టు' కనిపించే పరీక్షల్లో చాలావాటిని నమ్మలేమని వాళ్ల వాదన. దీని అర్థం కర్కుమిన్ పనికిరాదని కాదు. 2006లో జపాన్‌లో 89 మంది అల్సరేటివ్ కొలైటిస్ రోగులతో, మామూలు మందులతో పాటు రోజుకు రెండు గ్రాముల కర్కుమిన్ లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చి ఆరు నెలలు చూసిన పరీక్షలో, కర్కుమిన్ తీసుకున్నవాళ్లలో జబ్బు తిరగబెట్టడం తక్కువగా కనిపించింది. చిన్న పరీక్షే, కానీ మనుషుల్లో, ఉత్తుత్తి మాత్రతో పోల్చి చేసింది. నాకు అది, వెయ్యి పళ్లేల కంటే ఎక్కువ.

మోతాదు దగ్గర ఒక లెక్క చేద్దాం, చిన్నదే. చిట్టెలుకకు కిలోకు ఇంత అని ఇచ్చిన మోతాదును మనిషికి మార్చాలంటే మనిషి బరువు అరవై కిలోలు కదా అని నేరుగా అరవైతో గుణించకూడదు, శరీర ఉపరితలం లెక్కన మార్చాలి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005 మార్గదర్శకంలో వాడిన అంకెల ప్రకారం చిట్టెలుక మోతాదును దాదాపు 12.3తో, ఎలుక మోతాదును 6.2తో భాగించాలి. ఒక పత్రంలో చిట్టెలుకకు కిలోకు 400 మిల్లీగ్రాముల సారం ఇచ్చారనుకోండి. 12.3తో భాగిస్తే కిలోకు 32.5 మిల్లీగ్రాములు, 60 కిలోల మనిషికి దాదాపు రెండు గ్రాముల సారం. ఎండిన మొక్కలోంచి పది శాతం సారం దిగుతుందనుకుంటే, రోజుకు 20 గ్రాముల ఎండు మొక్క. ఒక్కోసారి అది సాధ్యమే, ఒక్కోసారి అసాధ్యం, కానీ ఆ లెక్క వేసి చూపించాలి కదా. ఈ భాగహారం కూడా మొదటి అంచనాకే పనికొస్తుంది, ఎందుకంటే శోషణ ఒక్కో జాతిలో ఒక్కోలా ఉంటుంది. 1998లో వచ్చిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో మిరియాలలోని పైపెరిన్‌ను కర్కుమిన్‌తో కలిపి ఇస్తే రక్తంలో దొరికే కర్కుమిన్ ఎలుకల్లో 154 శాతం పెరిగింది, మనుషుల్లో 2000 శాతం. అవే రెండు పదార్థాలు, రెండు జాతులు, ఎంత తేడానో చూడండి.

అసలు చిట్టెలుక ఇన్‌ఫ్లమేషన్ మనిషి ఇన్‌ఫ్లమేషన్‌లా ఉంటుందా అనే ప్రశ్న మీద పెద్ద గొడవే జరిగింది. 2013లో ఒక బృందం కాలిన గాయాలు, దెబ్బలు, ఎండోటాక్సిన్ ఈ మూడింటిలో మనుషుల జన్యు స్పందనలనూ చిట్టెలుకల స్పందనలనూ పోల్చి, పోలిక దాదాపు లేదని రాసింది. పత్రికలన్నీ దాన్ని ఎత్తుకున్నాయి. ఏడాదిన్నర తిరగకుండా జపాన్ పరిశోధకులిద్దరు అదే డేటాను తీసుకుని, రెండు జాతుల్లోనూ గణనీయంగా మారిన జన్యువులను మాత్రమే చూసి, పోలిక చాలా బాగుందని రాశారు. ఒకే డేటా, రెండు ముగింపులు. నా అభిప్రాయం అడిగితే, 'చిట్టెలుక మనిషిలా ఉందా' అన్నదే సరైన ప్రశ్న కాదు. ఏ విషయంలో ఉంది, ఏ విషయంలో లేదు అని అడగాలి. ఎండోటాక్సిన్ సంగతే తీసుకోండి, మనిషికి కిలోకు కొన్ని నానోగ్రాములు ఇస్తే జ్వరం, వణుకు వస్తాయి, చిట్టెలుకలకు మిల్లీగ్రాముల్లో ఇస్తారు. అంత తేడా ఉన్నచోట అదే మోడల్‌లో మందు పనిచేసిందంటే జాగ్రత్తగా వినాలి. ప్రోస్టాగ్లాండిన్ల విషయంలో మాత్రం ఎలుక మనకు అబద్ధం చెప్పలేదు, ఆ మందులు మనుషుల్లోనూ పనిచేశాయి.

బ్లైండింగ్ గురించి త్వరగా చెప్పేస్తాను, ఇది ఎవరికీ కొత్త కాదు. పాదానికి మార్కులు వేసే మనిషికి ఏ జంతువుకు ఏది ఇచ్చారో తెలియకూడదు. తెలిస్తే కన్ను మోసపోతుంది, మనిషి నిజాయతీపరుడైనా సరే. పసుపుపచ్చ సారం ఇచ్చిన జంతువు నోటి చుట్టూ, మలంలో ఆ రంగు కనిపిస్తుంది, కాబట్టి మందు ఇచ్చే మనిషి, కొలిచే మనిషి వేర్వేరుగా ఉండాలి, కొలతకు ముందు జంతువును శుభ్రం చేయాలి. జంతు ప్రయోగాల పత్రాల్లో ఏమేం రాయాలో చెప్పే, 2010లో వచ్చి 2020లో సవరించిన అరైవ్ మార్గదర్శకాలు ఇవన్నీ రాయమంటాయి. రాస్తున్నవాళ్లు పెరుగుతున్నారు, అది నాకు నిజంగా సంతోషం.

ఇంత చెప్పాక, సహజ పదార్థాల మీద నాకు నమ్మకం లేదనుకుంటారేమో. చాలా ఉంది. విల్లో బెరడు గురించి ఎడ్వర్డ్ స్టోన్ 1763లో రాయల్ సొసైటీకి రాశాడు, 1897లో ఆస్పిరిన్ తయారైంది, మధ్యలో సాలిసిన్‌ను విడదీసి శుద్ధి చేసిన పని ఉంది. కాల్చిసిన్ అనేది ఒక పూల మొక్క దుంప నుంచి వచ్చింది, గౌట్‌కు ఈ రోజుకీ వాడుతున్నారు, తెల్ల రక్తకణాల కదలికను అడ్డుకుంటుంది, ఎక్కువైతే ప్రాణం తీస్తుంది. చైనా వైద్యంలో వాడే థండర్ గాడ్ వైన్ అనే తీగ వేరు సారాన్ని 2009లో అమెరికాలో 121 మంది రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగుల్లో సల్ఫాసలజీన్ అనే మందుతో పోల్చి చూశారు, చివరిదాకా ఉన్నవాళ్లలో సారం తీసుకున్నవాళ్లకు మెరుగుదల ఎక్కువ. మధ్యలో మానేసినవాళ్లు రెండు వైపులా చాలామంది ఉన్నారు, అది గుర్తుంచుకోవాలి. ఆ తీగలోని ట్రిప్టోలైడ్ బలమైన విషం కూడా, సంతానోత్పత్తిని దెబ్బతీస్తుంది. నిజంగా పనిచేసే సహజ పదార్థాలు ఇలాగే ఉంటాయి, ఒక చేత్తో ఇస్తూ ఇంకో చేత్తో తీసుకుంటాయి. 'సహజం కాబట్టి దుష్ఫలితాలు లేవు' అనే మాట వింటే, అయితే పనిచేసే గుణం కూడా లేదేమో అని నాకు అనుమానం వస్తుంది.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను.

(సభ నుంచి ఒక ప్రశ్న: జంతువులు లేకుండా ఈ పరీక్షలు చేయలేమా?)

మంచి ప్రశ్న. కొంతవరకు చేయగలం, ఆ కొంతవరకు చేయకుండా నేరుగా ఎలుకల దగ్గరికి వెళ్లడం తప్పు. 1959లో రస్సెల్, బర్చ్ చెప్పిన మూడు సూత్రాలు, వీలైతే జంతువు బదులు వేరేది వాడు, వాడితే తక్కువ వాడు, వాడినవాటికి బాధ తగ్గించు, ఇవి ఇప్పటికీ మనకు దారి. మనిషి రక్తాన్ని గొట్టంలో తీసుకుని ఎండోటాక్సిన్‌తో రెచ్చగొట్టి, సారం కలిపితే టీఎన్‌ఎఫ్ అనే ఇన్‌ఫ్లమేషన్ ప్రోటీన్ తగ్గుతుందా అని చూడొచ్చు. మనిషి పేగు కణాలతో పెంచిన ఆర్గనాయిడ్లు, అంటే బుల్లి పేగు నమూనాలు ఉన్నాయి. అక్కడ, రక్తంలోకి నిజంగా చేరగల గాఢతలో ఏమీ చేయని పదార్థాన్ని ఎలుక దాకా తీసుకెళ్లడానికి బలమైన కారణం చూపించాలి. కాలేయం ఆ పదార్థాన్ని ఇంకోటిగా మార్చాకే అది పనిచేస్తుంది అనేది అలాంటి ఒక కారణం, సాలిసిన్ అలాంటిదే. అక్కడ పూర్తి శరీరం అవసరం పడుతుంది.

జంతువు వాడక తప్పనప్పుడు నొప్పి సంగతి. ఆర్థరైటిస్ మోడల్‌లో ఇబుప్రోఫెన్ లాంటిది ఇస్తే అదే ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గిస్తుంది, ప్రయోగం చెడుతుంది, అందుకని చాలామంది అసలు నొప్పి మందే ఇవ్వరు. అది ఒప్పుకోలేను. బుప్రెనార్ఫిన్ లాంటి వేరే తరగతి మందులు ఉన్నాయి, వాటి ప్రభావం కూడా కొంత ఉంటుంది కాబట్టి కంట్రోల్‌తో సహా అన్ని గ్రూపులకూ ఒకేలా ఇవ్వాలి. వాచిన కాళ్ల మీద నిలబడి పైన వేలాడే గిన్నెలోంచి తినలేవు, మేతను తడిపి బోను నేల మీదే పెట్టాలి, నీళ్ల గొట్టం పొడవైనది వాడాలి, కింద మెత్తటి పరుపు వేయాలి. బరువు 20 శాతం తగ్గితే ఆ జంతువును ప్రయోగం నుంచి తప్పించాలని ముందే రాసిపెట్టుకోవాలి, మధ్యలో నిర్ణయించుకోకూడదు. ఇవన్నీ చేశామా లేదా అని పత్రంలోని పద్ధతుల విభాగంలో రాయండి, నీళ్ల లెక్కతో పాటు. పత్రాన్ని సమీక్షించేవాళ్లు మీలో ఉంటే, అది లేని పత్రాన్ని వెనక్కి పంపండి. తర్వాతి ప్రశ్న, అటువైపు చేయెత్తినవాళ్లు.